నీటికీ నేలకూ సాక్ష్యం పలికే చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, డిగ్రీ ప్రవేశాలకు దరఖాస్తులు నింపుతున్న రోజులవి. ఒక సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత పాతబస్తీకి చెందిన ఒక సోదరుడు తన కూతుర్ని వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చారు. లాడ్ బజార్‌లో ఆయనకు చిన్న గాజుల దుకాణం ఉంది. అమ్మాయి బైపీసీ మంచి మార్కులతో పాసయింది. మెడిసిన్‌లో సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీలో కెమిస్ట్రీ, జువాలజీలతోపాటు పర్యావరణ శాస్త్రం తీసుకుంటానని పట్టుబడుతోంది.

"జనాబ్, మీరైనా చెప్పండి. చెత్త గురించి, మురుగు గురించి చదవడానికి కాలేజీకి వెళ్ళాలా? రేపు సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చదివిందని అడిగితే నేనేం చెప్పను?" అన్నారాయన.

తల వంచుకొని కూర్చున్న అమ్మాయి మెల్లగా అంది: "అబ్బా, 2020లో ఖాలా ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అందరూ ఇది అల్లాహ్ పరీక్ష అన్నారు. పరీక్షే, కాదనను. కానీ ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో, ఆ ఇంటికే ఎందుకు వచ్చాయో ఒక్కరూ చెప్పలేదు. నాకది తెలుసుకోవాలనుంది."

ఆ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆమె అడుగుతున్నది ఒక సబ్జెక్టు గురించే అయినా, ఆ ప్రశ్న మనందరిది. ఏ విద్య విద్య? దేన్ని నేర్చుకుంటే అల్లాహ్ దగ్గర పుణ్యం? దేన్ని నేర్చుకోకుండా వదిలేస్తే సమాజమంతా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది? ఈ విషయాన్ని పాఠకులతో కలిసి ఆలోచించాలనే ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మొదటి అధ్యాయమే నీటి గురించి

ధార్మిక విద్య వేరు, ప్రాపంచిక విద్య వేరు అని మన ఇళ్ళల్లో ఒక గోడ కట్టుకున్నాం. ఖుర్ఆన్, హదీసు చదివితే పరలోకం కోసం; ఇంజనీరింగ్ చదివితే ఇహలోకం కోసం. ఈ రెండింటికీ చెందనట్టు కనిపించే పర్యావరణ శాస్త్రం ఎవరికీ పనికిరాని చదువని అనుకుంటున్నాం.

కానీ ఏ మద్రసాలోనైనా ఫిఖ్హ్ గ్రంథం తెరిచి చూడండి. మొదట కనిపించేది 'తహారత్', అంటే పరిశుభ్రత అధ్యాయం. అందులో మొదటి చర్చే నీటి గురించి. పారే నీరేది, నిలవ నీరేది? ఎంత నీటిలో ఎంత మలినం పడితే వుజూకు పనికిరాదు? నీటి రంగు, రుచి, వాసన - ఈ మూడింటిలో ఏదైనా మాలిన్యం వల్ల మారిందా? మన ధర్మవేత్తలు నమాజు గురించి చెప్పడానికి ముందు నీటి గురించి చెప్పారు. నీరు బాగా లేకపోతే వుజూ లేదు, వుజూ లేకపోతే నమాజు లేదు. నీటిని పరిశీలించడం ఆరాధనకు వాకిలి అన్నమాట.

ఇప్పుడు పర్యావరణ శాస్త్రం చదివే విద్యార్థి ప్రయోగశాలలో ఏం చేస్తాడో చూడండి. నది నీటిని సీసాలోకి తీసుకొని, అందులో కరిగివున్న ప్రాణవాయువును కొలుస్తాడు. అదే నీటిని 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచి మళ్ళీ కొలుస్తాడు. మలినం ఎంత ఎక్కువుంటే సూక్ష్మజీవులు అంత ప్రాణవాయువును తినేస్తాయి. తేడా ఎంతో చూసి ఆ నీరు చేపలకు పనికొస్తుందా, పొలానికి పనికొస్తుందా చెబుతాడు. ఫఖీహ్ కంటితో, ముక్కుతో, నాలుకతో చేసిన పరిశీలననే ఇతను పరికరంతో ఇంకొంత లోతుగా చేస్తున్నాడు.

ఈ లోతు ఎందుకు అవసరమో మన పొరుగునున్న నల్లగొండ జిల్లా చెబుతుంది. అక్కడి ఎన్నో గ్రామాల్లో బోరు నీరు చూడటానికి స్వచ్ఛంగా ఉండేది. వాసన లేదు, రంగు లేదు. కానీ అందులో ఫ్లోరైడ్ ఉంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. దాన్ని మించిన నీరు ఏళ్ళ తరబడి తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, కాళ్ళు వంకరపోయాయి, పెద్దల నడుములు వంగిపోయాయి. ఆ హాని రంగు, రుచి, వాసనలకు దొరకలేదు. ఎవరికీ హాని చేయకూడదు, హానికి హాని తలపెట్టకూడదు అన్నది మహాప్రవక్త ముహమ్మద్ (స) నేర్పిన సూత్రం. హాని ఎక్కడుందో తెలియనివాడు దాన్ని ఎలా ఆపగలడు? కనుక హానిని గుర్తించే విద్య కూడా ఆ సూత్రాన్ని పాటించడంలో భాగమే అని మా అభిప్రాయం.

ఫర్జె కిఫాయా అంటే ఏమిటి?

కొన్ని విధులు ప్రతి వ్యక్తి మీదా ఉంటాయి. నమాజు, ఉపవాసం అలాంటివి. మరికొన్ని సమాజం మొత్తం మీద ఉంటాయి. కొందరు చేస్తే అందరి మీదనుంచీ దిగిపోతాయి. ఎవరూ చేయకపోతే అందరూ దోషులవుతారు. దీన్నే ఫర్జె కిఫాయా అంటారు. జనాజా నమాజు ఇందుకు మనందరికీ తెలిసిన ఉదాహరణ.

ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో వైద్యాన్నీ, గణితాన్నీ ఈ కోవలోనే చేర్చారు. అంతేకాదు, తన కాలంలో ఊళ్ళలో వైద్యులు లేకపోయినా జనం పట్టించుకోకుండా, పేరు ప్రతిష్ఠలు తెచ్చిపెట్టే వాదవివాదాల విద్య వైపే గుంపులుగా పరుగెత్తుతున్నారని ఆయన బాధపడ్డారు. దాదాపు తొమ్మిది వందల సంవత్సరాల కిందటి ఆ బాధ ఈనాటి మన వీధులకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కో గల్లీలో పదిమంది సాఫ్ట్‌వేర్ చదివినవాళ్ళున్నారు, చాలా సంతోషం. కానీ మన వీధి నల్లాలో వచ్చే నీటిని పరీక్షించగలవారు, మన చెరువు పటాన్ని చదవగలవారు ఎందరున్నారు?

మన నగరమే ఒక పాఠ్యపుస్తకం

ఈ చదువు అవసరమేమిటో తెలుసుకోవడానికి దూరం వెళ్ళక్కరలేదు. పాతబస్తీలో ఉన్నవాళ్ళకు మూసీ కంటే పెద్ద పుస్తకం లేదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల ఇళ్ళు కూలాయి. చనిపోయినవారు సుమారు 15 వేలమంది అని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును పట్టుకొని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ విపత్తును అందరూ దైవ పరీక్షగానే భావించారు. కానీ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం అంతటితో ఊరుకోలేదు. మైసూరు ప్రాంతానికి చెందిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను 1909లో పిలిపించింది. ఆయన నదికి ఎగువన తిరిగి, వాన లెక్కలు తీసి, రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం వల్లే అంత ఉధృతి వచ్చిందని గ్రహించారు. ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మన తాతలు, తండ్రులు తాగి పెరిగింది ఆ నీళ్ళే.

'ఇది పరీక్ష' అనడం విశ్వాసం. 'ఇది ఎలా జరిగింది' అని అడగడం బాధ్యత. ఈ రెండింటికీ మధ్య వైరుధ్యం లేదు. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు 2020కి వద్దాం. అక్టోబర్ 13 రాత్రి కుండపోత వాన కురిసింది. పల్లె చెరువు పొంగింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వాన, గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి బస్తీలు మునిగాయి. 1908లోనూ చెరువులే, 2020లోనూ చెరువులే. మధ్యలో 112 సంవత్సరాలు గడిచాయి. ఈ మధ్యకాలంలో ఆ చెరువుల శిఖం భూముల్లో, వరద కాలువల్లో ఇళ్ళు లేచాయి. ఆ అమ్మాయి ఖాలా ఇంట్లోకి నీళ్ళు ఎందుకొచ్చాయో బహుశా ఇక్కడే జవాబుంది. నీరు దారి తప్పి రాలేదు, తన పాత దారినే వెతుక్కుంటూ వచ్చింది.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడి గింజలు, అడుగున తడి గింజలు. తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీసి, మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. చెరువు శిఖంలోని ప్లాటును ఆ సంగతి దాచిపెట్టి ఒక పేద కుటుంబానికి అమ్మినవాడు చేసింది ఏమిటి? అది కూడా అడుగున తడి దాచిన రాశి కాదా? ఆ రాశిలో చేయి పెట్టి, అడుగున తడి ఉందని చెప్పగలిగేవాడు కావాలి. చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో తెలిపే ఎఫ్‌టీఎల్ పటాన్ని చదివి, "భాయ్, ఈ ప్లాటు కొనకండి" అని ముందే చెప్పగలిగే ఒక్క మనిషి బస్తీలో ఉంటే ఎన్ని కుటుంబాల కష్టార్జితం మిగిలేది!

2024లో మూసీ ప్రక్షాళన పేరిట చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్ వంటి చోట్ల నది గర్భంలోని ఇళ్ళను గుర్తించి తొలగించినప్పుడూ ఇదే లోటు కనిపించింది. ప్రజల దగ్గర కన్నీళ్ళున్నాయి, అధికారుల దగ్గర పటాలున్నాయి. ఆ రెండు భాషలూ తెలిసినవాళ్ళు చాలా తక్కువ. నదికి దాని హక్కు ఇవ్వాలి, పేదవాడికి అతని హక్కు దక్కాలి. ఈ రెండు హక్కులనూ ఒకే త్రాసులో తూచడానికి దయ ఉంటే చాలదు, తెలివిడి కూడా కావాలి.

బావి హద్దు, జలాశయం హద్దు

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో 'హరీమ్' అనే ఏర్పాటు ఉంది. ఒక బావి చుట్టూ కొన్ని మూరల మేర హద్దు ఉంటుంది. ఆ హద్దులో ఇంకొకరు బావి తవ్వకూడదు, నీటికి చేటు తెచ్చే పని చేయకూడదు. నీడనిచ్చే చోట, దారిలో, నీళ్ళ రేవుల దగ్గర మలవిసర్జన చేయడాన్ని ప్రవక్త (స) శాపకారణమైన పనిగా నిషేధించారు. మదీనా చుట్టూ కొంత ప్రాంతంలో చెట్లు నరకడాన్ని, వేటాడటాన్ని నిషేధించారు. ఉమ్మడి వనరుకు కంచె వేయడం మనకు కొత్త విషయం కాదు.

1996లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 జారీ చేసింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకూడదన్నది దాని సారాంశం. ఒక విధంగా అది జంట జలాశయాలకు గీసిన హరీమ్. ఆ హద్దులో ఒక నూనె ఆధారిత పరిశ్రమకు అనుమతి ఇవ్వవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999లో తెలుగువారైన జస్టిస్ ఎం.జగన్నాథరావు ఉన్న ధర్మాసనం తీర్పు చెబుతూ, హాని జరుగుతుందన్న అనుమానం ఉన్నచోట హాని జరగదని నిరూపించాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడిదేనన్న సూత్రాన్ని చాటింది. ఇటువంటి విషయాల్లో న్యాయమూర్తులకు శాస్త్రవేత్తల తోడు అవసరమని కూడా గుర్తించింది. న్యాయమూర్తులతోపాటు నిపుణులు కూర్చునే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2010లో వచ్చింది. జీవో 111 ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా తొలగించారు. ఆ నిర్ణయం మంచిదని కొందరు, కాదని కొందరు వాదించారు. ఆ వాదనలో పాల్గొనాలన్నా, కనీసం అర్థం చేసుకోవాలన్నా, వాన నీరు ఏ వాలున పారి ఏ జలాశయంలోకి చేరుతుందో తెలిసి ఉండాలి. తెలియనివాడు ఎవరో ఒకరి మాట నమ్మడం తప్ప ఏం చేయగలడు?

తండ్రి భయం కూడా న్యాయమైనదే

ఇంతవరకు చదివి, ఆ గాజుల దుకాణం సోదరుడిని తప్పు పడుతున్నామని ఎవరూ అనుకోవద్దు. కుటుంబాన్ని పోషించడం, పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించడం కూడా ఆరాధనే. ఆయన మూడు భయాలు చెప్పారు.

మొదటిది ఉపాధి. ఇక్కడ మేము ఉన్నదున్నట్టు చెప్పదలిచాము. ఈ డిగ్రీ చేతికి రాగానే పెద్ద జీతం ఎదురుచూస్తూ ఉండదు. చాలామంది ఎమ్మెస్సీ కూడా చేయాల్సి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలిలో కొన్ని ఉద్యోగాలకు ఇంజనీరింగ్ పట్టానే అడుగుతారు. నీటి పరీక్షా కేంద్రాలు, పరిశ్రమల్లోని పర్యావరణ విభాగాలు, సలహా సంస్థలు, అధ్యాపక వృత్తి - ఇవి తెరిచి ఉన్న దారులు. దారి ఉంది, కానీ నున్నటి దారి కాదు. అందుకే కెమిస్ట్రీని గట్టిగా పట్టుకోమనీ, కంప్యూటర్‌లో పటాలు గీయడం నేర్చుకోమనీ ఆ అమ్మాయికి సలహా ఇచ్చాము.

రెండోది గౌరవం. మురుగు గురించి చదవడం చిన్నతనమా? దారిలోని ముల్లునో రాయినో తొలగించడాన్ని విశ్వాసపు శాఖల్లో ఒకటిగా ప్రవక్త (స) చెప్పారు. మురుగును పోసేవాడికి లేని చిన్నతనం దాన్ని తొలగించే దారి వెతికేవారికి ఎందుకుండాలి?

మూడోది ఆడపిల్ల అన్న బెంగ. వాగుల వెంట, కాలువల వెంట ఎలా తిరుగుతుంది అని. నమూనాల సేకరణకు విద్యార్థులు అధ్యాపకులతో కలిసి వెళతారు, ఎక్కువ పని ప్రయోగశాలలోనే ఉంటుంది. కుటుంబం తోడుంటే మర్యాదకు భంగం లేకుండా సాగే చదువే ఇది. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) రాయడం తెలిసిన మహిళ. ఆమె విద్యను ప్రవక్త (స) ఆదరించారు. తమ సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)కి ఆమె అక్షరాలు నేర్పారు. తెలిసిన స్త్రీ ద్వారా ఇంటింటికీ విద్య చేరుతుంది. ఇంట్లో నీటిని వాడేదీ, దాచేదీ, పారబోసేదీ స్త్రీలే అయినప్పుడు, నీటి విద్య వాళ్ళకు ఎందుకు దూరం?

చదివేవారికి ఒక హెచ్చరిక

ఇక ఆ అమ్మాయికి మేము చెప్పిన మాట ఒకటుంది. పర్యావరణ శాస్త్రం చదివినవారి సంతకం ఒక సాక్ష్యం. ఈ కర్మాగారం వదిలే నీరు ప్రమాణాలకు లోబడి ఉందని నివేదిక మీద సంతకం చేస్తే, ఆ నీటిని తాగే రైతు తరఫునా, పశువు తరఫునా అల్లాహ్ ముందు సాక్ష్యం చెప్పినట్టే. అబద్ధపు సాక్ష్యం ఘోరపాపాల్లో ఒకటని అందరికీ తెలుసు. నమూనా తీయకుండానే అంకెలు వేయడం, ఒక ఊరికి రాసిన నివేదికను పేరు మార్చి ఇంకో ఊరికి ఇవ్వడం, యజమాని కోరిన ఫలితం వచ్చేదాకా లెక్క తిప్పడం - ఇటువంటి ఒత్తిడి వచ్చే వృత్తి ఇది. చదవని వాడు తెలియక మౌనంగా ఉన్నాడు. చదివి మౌనంగా ఉన్నవాడు ఏం చెప్పుకుంటాడు? నిజానికి ఈ చదువులో మమ్మల్ని భయపెట్టేది జీతం తక్కువన్నది కాదు, ఈ భారమే. దాన్ని మోయగలనన్న సంకల్పం ఉంటేనే ఈ దారి పట్టాలి.

ఇంకొక మాట. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు, ఆ తర్వాతి ఆదేశాల ఫలితంగా డిగ్రీలో పర్యావరణ అధ్యయనం అందరికీ తప్పనిసరి పేపరయింది. పరీక్షకు ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కే పేపరుగానే మన పిల్లలు దాన్ని చూస్తున్నారు. ఆ ఒక్క పేపరు కూడా చదివినదంతా ఆచరిస్తే మన వీధులు ఇలా ఉండవు.

చదవనివారి పాఠం

అందరూ ఈ డిగ్రీ చదవలేరు, చదవనక్కరలేదు కూడా. కానీ ఒకరు చదివితే మిగతావారి మీదనుంచి దిగిపోయేది ఆ విద్య నేర్చే భారం మాత్రమే. ఆచరించే భారం కాదు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు తక్కువ నీటితోనే వుజూ చేసేవారు. మన మస్జిద్‌లో నల్లా తిప్పి, మాట్లాడుకుంటూ వుజూ చేసేటప్పుడు ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒకసారి కింద బకెట్ పెట్టి చూడండి. బక్రీద్ రోజు ఖుర్బానీ ఇచ్చి, వ్యర్థాలను గల్లీ చివర పడేస్తే ఆరాధన ఎవరిది, దుర్గంధం ఎవరిది? షాదీఖానా వెనుక అర్ధరాత్రి కుప్పపడే బిర్యానీకి లెక్క అడిగేవాడు లేడనుకుంటున్నామా?

ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు ఆ సోదరుడు లేచారు. ఒప్పుకున్నానని చెప్పలేదు, ఒప్పుకోనని కూడా చెప్పలేదు. వుజూ చేయడానికి నల్లా దగ్గర కూర్చొని, నీళ్ళు దోసిట పట్టి కాసేపు చూశారు. "బేటీ, ఈ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?" అని అడిగారు. "తెలియదు అబ్బా. నేర్చుకొని చెబుతాను" అంది అమ్మాయి. దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజుల గడువుంది. నిర్ణయం ఆ కుటుంబానిదే.

భూమిని మనకు అమానతుగా అప్పగించిన ప్రభువు, అందులోని ప్రతి చుక్క నీటికీ మనల్ని లెక్క అడిగే రోజు రాకముందే, ఆ లెక్క నేర్చుకునే సద్బుద్ధిని మన పిల్లలకూ, వారిని ఆశీర్వదించే విశాల హృదయాన్ని మన పెద్దలకూ ప్రసాదించుగాక! ఆమీన్.